నడుముకు పెట్టుకుంటే డొక్కలో పొడుస్తోంది, రోజంతా మోయడానికి ఏ పిస్టల్ హాయి?

సగంటెక్సన్
టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాం. సిటిజన్‌షిప్ వచ్చాక ఫ్రెండు మాట మీద గ్లాక్ 19 కొన్నా. తుపాకి మంచిదే, రేంజిలో (కాల్చడం సాధన చేసే చోట) గురి బాగానే తగులుతోంది. గొడవంతా మోయడంలోనే. షాపులో అంటగట్టిన నైలాన్ హోల్‌స్టర్లో (తుపాకి ఒరలో) పెట్టి ప్యాంటు లోపల దోపుకుంటే నించున్నంతసేపూ పర్లేదు, కార్లో కూర్చోగానే పిడి డొక్కలో పొడుస్తుంది. నాకు కాస్త పొట్ట ఉంది (కాస్త అంటే మా ఆవిడ ఒప్పుకోదు). పైగా ఈ ఎండల్లో టీషర్టు మీద ఇంకో చొక్కా వేసుకుని తిరుగుతుంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు. చివరికి అది సేఫ్‌లోనే పడి ఉంటోంది. అమ్మేసి చిన్నది తీసుకుందామని చూస్తున్నా. షాపతను రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ చూపించి జేబులో ఉందన్న సంగతే మర్చిపోతారు అన్నాడు. సిగ్ పి365 తీసుకో అని ఇంకొకరు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇబ్బంది లేకుండా పెట్టుకు తిరిగేవాళ్ళు ఏం వాడుతున్నారో చెప్పండి. నీకెందుకయ్యా తుపాకి అనే ప్రశ్న మా నాన్న రోజూ ఫోన్లో అడుగుతున్నాడు, మీరు అడక్కండి.

ఆవకాయ_అప్పారావు
తుపాకి మార్చడం కంటే పొట్ట తగ్గించడం చవక కదా బాస్.

సగంటెక్సన్
ఆ ప్రాజెక్టు 2016 నుంచి నడుస్తోంది అప్పారావూ. రిలీజ్ డేటు లేదు.

రేంజిరాజు
అమ్మకు, కాస్త ఆగు. నీ ఇబ్బందిలో ముప్పాతిక వంతు ఆ నైలాన్ సంచిదీ, మామూలు ప్యాంటు బెల్టుదీ. గ్లాక్ 19 నిండా గుళ్ళతో 30 ఔన్సులు, ఇంచుమించు 850 గ్రాములు. అంత బరువు మెత్తటి తోలు బెల్టుకు తగిలిస్తే ప్యాంటు జారుతుంది, పిడి బయటికి ఒరుగుతుంది, నువ్వు గడియకోసారి పైకి లాక్కుంటూ ఉంటావు. చూసేవాళ్ళకి అనుమానం వచ్చేది ఆ లాక్కోవడంతోనే. తుపాకి మోయడానికే చేసిన గట్టి బెల్టులు ఉన్నాయి, అవి మడత పడవు. దానికి తోడు కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, సరిగ్గా నీ మోడల్‌కే అచ్చు పోసింది, క్లా ఉన్నది తీసుకో. క్లా అంటే పక్కన పొడుచుకొచ్చిన చిన్న ముక్క, బెల్టు దాన్ని నొక్కితే పిడి ఒంటి వైపుకి తిరుగుతుంది.

ఇంకో సంగతి. చొక్కా మీద ఉబ్బెత్తుగా కనబడేది గొట్టం కాదు, పిడి. గొట్టం ఎంత పొడుగున్నా ప్యాంటు లోపలికి పోతుంది. పైగా పొట్ట ఉన్నవాళ్ళకి మరీ పొట్టి పిస్టల్ అయితే, బెల్టు కింద పట్టి ఉంచేంత పొడవు లేక, పైభాగం బరువుకి బయటికి వాలిపోతుంది. చిన్నదైతే హాయి అన్న లెక్క అన్ని ఒళ్ళకీ కుదరదు.

కరీంనగర్_పోరడు
రాజన్న చెప్పింది కరెక్టే గని సగమే. బెల్టు మార్చినా 850 గ్రాములు 850 గ్రాములే కదా. నాది గార్లాండ్ దిక్కు గ్యాస్ స్టేషన్, పొద్దుగాల పెట్టుకుంటే రాత్రి షటర్ ఏసిందాంక తియ్య. నా దగ్గర గూడ 19 ఉంది, అది కౌంటర్ కింద సేఫ్‌ల ఉంటది. ఒంటి మీద మాత్రం పి365. 2018ల అది వచ్చినప్పుడు అందరు నోరెళ్ళబెట్టిండ్రు, ఎందుకంటే అప్పటిదాంక అంత సన్నటి 9 ఎంఎం గుండు పిస్టల్ అంటే గ్లాక్ 43ల 6+1 (మ్యాగజైన్ల, అంటే గుళ్ళ డబ్బాల 6, గొట్టంల 1), షీల్డ్‌ల 7+1. ఇది ఒక అంగుళం మందంల 10+1 పట్టించింది. 18 ఔన్సులు కూడ లేదు. ఆ తర్వాతనే కంపెనీలన్ని అటు ఉరికినయ్, 2019ల హెల్‌క్యాట్, 2021ల షీల్డ్ ప్లస్. కూసుంటే పొడవదు, వంగి డబ్బాలు ఎత్తినా పొడవదు. నాకు గంతే కావాలె.

ఆవకాయ_అప్పారావు
పొద్దున్నుంచి రాత్రిదాకా నీ గ్యాస్ స్టేషన్‌లో పొడిచేది కాఫీ ఒక్కటే అన్నమాట.

కరీంనగర్_పోరడు
నువ్వొచ్చి తాగినవా ఎప్పుడన్న? తాగి పైసలు ఇయ్యకుండ పోయినోనివి నువ్వేనా?

రేంజిరాజు
పి365 మీద నాకేం కోపం లేదు. కానీ దాని పొట్టి పిడి మీద నా చిటికెన వేలు ఆనదు. 50 గుళ్ళు కాల్చేసరికి పట్టు సడలుతుంది. అందుకే చాలామంది చివరికి పి365 ఎక్స్‌ఎల్ కి వెళ్తున్నారు, పిడి కాస్త పొడుగు, 12+1. గ్లాక్ 43ఎక్స్ కూడా అంతే, సన్నం, పిడి మాత్రం 19 అంత. అప్పుడు మళ్ళీ పిడి కనబడుతుంది. ఒక వైపు లాగితే ఇంకో వైపు పోతుంది, ఎవరి ఒంటికి ఎక్కడ సరిపోతుందో వాళ్ళే చూసుకోవాలి.

పిన్నిగారు_హ్యూస్టన్
అబ్బాయిలందరూ మందం, పొడవు అంటున్నారు, మొదటి గుండు ఎక్కించడానికి పిస్టల్ పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నాకు మణికట్టు నొప్పి. చిన్న పిస్టల్ అంటే ఆడవాళ్ళకి సుఖం అనుకుని షాపులో ముందు అవే తీసి బల్ల మీద పెడతారు. తీరా చూస్తే వాటిలో చాలావాటికి స్ప్రింగు బిగువు ఎక్కువ. స్లైడ్ పొట్టిది, తేలికది కదా, దాని వేగాన్ని ఆపడానికి స్ప్రింగు గట్టిగా ఉండాలి. ఓ చిన్న 9 ఎంఎం షాపులో లాగబోతే సగం వచ్చి ఆగిపోయింది, అతను నవ్వాడు. నేను స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ, .380 గుండుది తీసుకున్నా. దాని లోపల హ్యామర్, అంటే గుండుని పేల్చే సుత్తి, ఉంటుంది, అందువల్ల స్ప్రింగు మెత్తగా పెట్టగలిగారు. గుళ్ళు మ్యాగజైన్లో నింపడం కూడా సులువు, పక్కన బొటనవేలితో నొక్కే మీట ఉంది. 8+1. మరీ చిన్నదేం కాదు, కానీ నేను కాల్చగలను. ఇది అన్నిటికంటే ముందు చూసుకోవలసింది కాదా?

రేంజిరాజు
నూటికి నూరు పాళ్ళు పిన్నిగారూ. రివాల్వర్ తీసుకోమని కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు మీతో?

పిన్నిగారు_హ్యూస్టన్
అనకుండా ఉంటారా. స్మిత్ 642, అయిదు గుళ్ళు, 15 ఔన్సులు, స్లైడే లేదు, లాగే పనే లేదు అని. నిజమే, కానీ ఆ ట్రిగ్గర్ నొక్కడానికి వేలికి తాడుతో నీళ్ళు తోడినంత పనైంది. పైగా అంత తేలిక తుపాకిలో .38 స్పెషల్ పేలిస్తే అరచెయ్యి మండిపోయింది. అది బాగా అలవాటున్న చేతికి, నాలాంటి వాళ్ళకి కాదు.

పెన్షనర్_తాతయ్య
మీరందరూ ఎల్‌సీపీని తీసిపారేసేలా ఉన్నారు. నేను జేబులో అదే పెట్టుకుంటా. లాల్చీ వేసుకున్నా, నిక్కరు వేసుకున్నా ఉంటుంది. నా వయసులో బెల్టు బిగించి, క్లా తగిలించి, అద్దం ముందు నిలబడి చూసుకునే ఓపిక లేదు. రాజు చెప్పిన సరంజామా అంతా కొన్నవాళ్ళని చూశా, నెల తిరక్కుండా సేఫ్‌లో పెట్టేశారు.

రేంజిరాజు
తాతయ్యగారూ, ఎల్‌సీపీ మ్యాక్స్ గుళ్ళు లేకుండా 10.6 ఔన్సులు, మోయడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ మీరు దాంతో రేంజికి ఎంత తరచుగా వెళ్తారు?

పెన్షనర్_తాతయ్య
అదొక్కటే అడగొద్దు నాయనా.

రేంజిరాజు
అదేనండీ నా గొడవ. గుండు అదే అయినప్పుడు తుపాకి ఎంత తేలికైతే వెనక్కి అంత గట్టిగా తంతుంది. .380 చిన్న గుండే, అయినా అంత బుల్లి తుపాకిలో రెండు మ్యాగజైన్లు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో మంట. మంట పెట్టే తుపాకిని ఎవరూ రేంజికి తీసుకెళ్ళరు. సాధన లేకపోతే ఎందుకది? జేబులో పెట్టుకోదలిస్తే కూడా సగంటెక్సన్, జేబు హోల్‌స్టర్ తప్పనిసరి, ట్రిగ్గర్ పూర్తిగా మూసి ఉండాలి, ఆ జేబులో తాళాలు, పెన్ను, చిల్లర ఏవీ ఉండకూడదు. కార్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకున్నాక జేబులోంచి తీయగలవేమో ఖాళీ తుపాకితో ఇంట్లో కుర్చీలో కూర్చుని చూసుకో. రాదు.

హెచ్1బి_హనుమంతు
అన్నలూ ఒక సందేహం. నేను ఇంకా హెచ్1బి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పర్మిటే అక్కర్లేదన్నారు కదా, 21 ఏళ్ళు దాటితే చాలు అని. మరి నేనూ కొనొచ్చా?

ఎడిసన్_బావ
వద్దు తమ్ముడూ. పర్మిట్ అక్కర్లేదన్నది రాష్ట్రం మాట, చట్టప్రకారం తుపాకి ఉంచుకోగలిగిన వాళ్ళకి మాత్రమే. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ గుండు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉంటే లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి మీద ఆధారపడాలనుకుంటే ముందు లాయర్‌తో మాట్లాడు. రేంజిలో అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకోవడం కూడా ఉంచుకోవడం కిందికే వస్తుంది. ఫ్రెండ్సు పిలిచారని వెళ్ళి ఫోటో దిగి ఇన్‌స్టాలో పెట్టే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్. తుపాకి కేసు పడితే జైలు ఒక ఎత్తు, దేశం నుంచి పంపించెయ్యడం ఇంకో ఎత్తు. గ్రీన్‌కార్డు ఉంటే కొనుక్కోవచ్చు.

హెచ్1బి_హనుమంతు
ఫోటో తీసేస్తున్నా.

ఆవకాయ_అప్పారావు
😂😂

ఎడిసన్_బావ
ఇంకో మాట, టెక్సస్ వాళ్ళ ధీమా చూసి చెప్తున్నా. మీ లైసెన్సు మా న్యూజెర్సీలో చెల్లదు. 2022 జూన్‌లో బయట తుపాకి మోయడం హక్కేనని సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ఇచ్చేదాకా ఇక్కడ మామూలు మనిషికి క్యారీ పర్మిట్ అంటే కలలో మాట. ఇప్పుడు ఇస్తున్నారు, కానీ బయటివాళ్ళ పర్మిట్లు ఒప్పుకోరు. 2018 నుంచి మ్యాగజైన్ 10 గుళ్ళకి మించకూడదు కూడా. కార్లో తుపాకితో రోడ్ ట్రిప్పు వేసుకుని బ్రిడ్జివాటర్ గుడికి రాకండి. వచ్చేది స్వామి దర్శనం కాదు, జడ్జి దర్శనం.

రేంజిరాజు
అందుకే పర్మిట్ అక్కర్లేకపోయినా టెక్సస్ ఎల్‌టీసీ (తుపాకి మోసే లైసెన్సు) తీసుకోమంటా. ఫీజు 40 డాలర్లు, ఓ పూట క్లాసు, తర్వాత 3, 7, 15 గజాల దూరాల్లో కలిపి 50 గుళ్ళ పరీక్ష. దాన్ని ఒప్పుకునే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. అది ఉంటే కొత్త తుపాకి కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి గానీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ కోసం ఆగక్కర్లేదు. ఇంకా ముఖ్యం, బడికి 1,000 అడుగుల లోపు తుపాకి ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది, ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి దాన్నుంచి మినహాయింపు ఉంది. పిల్లల్ని బడి దగ్గర దించే వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

తుపాకివద్దు
నన్ను తిట్టినా సరే ఒకటి అడుగుతా. ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్ళు కూడా డొక్కలో పొడుస్తోంది, బరువుగా ఉంది అని మాట్లాడుకుంటున్నారు తప్ప, అది ఇంటికొచ్చాక ఎక్కడ పెడుతున్నారో ఎవరూ చెప్పడం లేదు. ప్లేనోలో, ఫ్రిస్కోలో మనవాళ్ళు ఉండే చోట రాత్రి పదకొండింటికి కుక్కని తిప్పుకుంటున్నారు. దేనికి ఇదంతా?

కరీంనగర్_పోరడు
ప్లేనోల కుక్కను తిప్పుకునేటోళ్ళకు అక్కర్లేదేమో. గల్లా డబ్బులు పట్టుకుని రాత్రి పార్కింగ్ లాట్‌ల నడిచేటోడిని అడుగు. మా లైన్ల షాపును తుపాకి చూపెట్టి దోచుకున్నరు, కౌంటర్ల ఉన్నది మనోడే, తెలుగు స్టూడెంట్.

తుపాకివద్దు
ఆ పిల్లాడి దగ్గర తుపాకి ఉంటే బతికి బయటపడేవాడా, లేక అది తియ్యబోయి పోయేవాడా?

కరీంనగర్_పోరడు
ఆడు స్టూడెంట్ వీసా, ఆని దగ్గర ఉండొద్దు. గల్లా ఇచ్చేయమనే చెప్తం మేం కూడ. పైసల కోసం ఎవ్వడు తుపాకి తియ్యడు. పైసలు ఇచ్చినంక గూడ వెనకకు పో అని లోపలికి తోలినప్పుడు ఏం చేస్తవ్, గది నా ప్రశ్న.

పిన్నిగారు_హ్యూస్టన్
తుపాకివద్దు అడిగినదాన్లో రెండో సగం వదిలేసి మొదటి సగానికి నేను జవాబు చెప్తా, అది న్యాయమైన ప్రశ్న. ఐడహోలో 2014 డిసెంబరులో ఓ సూపర్‌మార్కెట్లో రెండేళ్ళ పిల్లాడు తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ అందుకుని పేల్చాడు, ఆవిడ అక్కడే చనిపోయింది. ఆ బ్యాగు తుపాకి పెట్టుకోవడానికే ప్రత్యేకంగా చేసింది. అందుకే నేను బ్యాగులో పెట్టను, ఎంత సుఖంగా ఉన్నా పెట్టను. బ్యాగు కుర్చీకి తగిలిస్తాం, కార్ట్‌లో పెడతాం, ఎవరికో పట్టుకోమని ఇస్తాం. ఉంటే ఒంటి మీద, లేదా తాళం వేసిన పెట్టెలో. మూడో చోటు లేదు. మంచం పక్కన వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్ ఉంది, మనవలు వచ్చినప్పుడు అది అల్మరా పైకి వెళ్తుంది. టెక్సస్ చట్టం ప్రకారం కూడా 17 ఏళ్ళ లోపు పిల్లలకి గుళ్ళున్న తుపాకి అందేలా అజాగ్రత్తగా వదిలేస్తే నేరం.

తుపాకివద్దు
సరే పిన్నిగారూ. అందరూ మీలా ఉంటే నేను ఈ పేరు పెట్టుకునే పనే లేదు.

ఆవకాయ_అప్పారావు
పిన్నిగారూ, చీర కట్టుకున్నప్పుడు ఎలా మరి? కుచ్చిళ్ళలోనా?

పిన్నిగారు_హ్యూస్టన్
చీర రోజున అది ఇంట్లోనే ఉంటుంది, కుచ్చిళ్ళు నిలిస్తే అదే పదివేలు. చుడీదార్ అయితే బెల్టు ఉండదు కాబట్టి బెల్లీ బ్యాండ్ వాడతా, పొట్ట చుట్టూ వెల్‌క్రోతో బిగించే వెడల్పాటి పట్టీ. ట్రిగ్గర్ చోట గట్టి కైడెక్స్ ముక్క ఉన్నదే కొనండి అమ్మాయిలూ, ఉత్త గుడ్డ పట్టీలు చవకే కానీ బయటినుంచి వేలు తగిలినా ట్రిగ్గర్ కదులుతుంది. హ్యూస్టన్ ఉక్కలో చెమటకి తుపాకి తుప్పు కూడా పడుతుంది, వారానికోసారి తుడిచి నూనె రాయాలి. గుడికి వెళ్ళే రోజు గేటు దగ్గర తుపాకి తేవద్దనే 30.06, 30.07 బోర్డు ఉందేమో చూసుకోండి. 2019 నుంచి ప్రార్థనా స్థలాలకీ మిగతా చోట్లకి ఉన్న నియమమే, బోర్డు పెడితే తీసుకెళ్ళకూడదు.

సీమ_చిన్నోడు
మా తాతకు అనంతపురంలో .32 రివాల్వర్ లైసెన్సు ఉండేది. ఇండియాలో 9 ఎంఎం మామూలోళ్ళకు ఇయ్యరు, నిషిద్ధ బోరు. ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే చాలు, ఖాదీ సంచిలో పెట్టుకుని పోయి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటాండె. హాయి, ఇబ్బంది అని ఎప్పుడూ అన్ల్యా. ఏడాదిలో సగం రోజులు అది స్టేషన్లోనే ఉండె కదా.

సగంటెక్సన్
😂 నాదీ ఇప్పుడు అదే పరిస్థితి, స్టేషన్ బదులు సేఫ్. అందరికీ థాంక్స్. ఒకటి మిగిలింది. మా కంపెనీలో లోపలికి తేకూడదు. రోజూ కార్లో వదలాలి.

రేంజిరాజు
పార్కింగ్‌లో తాళం వేసిన నీ సొంత కార్లో ఉంచుకోవడాన్ని యజమాని ఆపకూడదని టెక్సస్‌లో 2011 నుంచి చట్టం ఉంది, కొన్ని సంస్థలకి మినహాయింపు ఉంది, మీ హెచ్‌ఆర్ పాలసీ ఓసారి చదువు. గ్లవ్ బాక్సులో మాత్రం వదలకు, దొంగ ముందు తెరిచేది అదే. సీటు కింద ఇనప కేబుల్‌తో కట్టే లాక్‌బాక్సు కొను. తీసి పెట్టేటప్పుడు హోల్‌స్టర్‌తో సహా తియ్యి, ఉత్త తుపాకిని కార్లో అటూ ఇటూ తిప్పకు. మళ్ళీ పెట్టుకునేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్ దగ్గరికి రాకుండా కళ్ళతో చూస్తూ మెల్లగా పెట్టు. గ్లాక్‌కి విడిగా సేఫ్టీ మీట ఉండదు కదా. ఆ గుడ్డ అంచే కొంప ముంచుతుంది.

డెట్రాయిట్_డాక్టరు
మోసే వాళ్ళకి ఇంకో హెచ్చరిక. రేంజికి వాడే బ్యాక్‌ప్యాక్ ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అడుగు పొరలో ఒక్క గుండు మిగిలిపోయినా హైదరాబాదులో తిరుగు ప్రయాణం స్కానింగ్‌లో దొరుకుతుంది. 1959 ఆయుధాల చట్టంలో గుళ్ళకి కూడా లైసెన్సు కావాలి. తెలియకుండా ఉండిపోయిందని చెప్పి బయటపడిన వాళ్ళు ఉన్నారు, కానీ ఫ్లైటు పోతుంది, ఆ తర్వాత లాయరూ, కోర్టూ. నా పేషెంటు ఒకాయన ఇలాగే ఇరుక్కుని సెలవంతా అక్కడే గడిపాడు. రేంజి సంచి వేరు, సూట్‌కేసు వేరు, రెంటినీ ఒకే అల్మరాలో కూడా పెట్టను నేను.

నిర్వాహకుడు
చర్చ బాగుంది. తుపాకి మంచిదా చెడ్డదా అనే వాదన కావాలంటే వేరే చర్చ తెరవండి. ఇక్కడ మోయడం సంగతే.

సగంటెక్సన్
అప్‌డేట్. శనివారం అద్దెకిచ్చే రేంజికి వెళ్ళి పి365 ఎక్స్‌ఎల్, షీల్డ్ ప్లస్, ఎల్‌సీపీ మ్యాక్స్ మూడూ కాల్చా. తాతయ్యగారు క్షమించాలి, ఎల్‌సీపీ రెండో మ్యాగజైన్ నింపబుద్ధి కాలేదు. ఎక్స్‌ఎల్ బాగుంది. కానీ షీల్డ్ ప్లస్ ట్రిగ్గర్ నాకు తెలిసినట్టుగా ఉంది, పిడి వెనక భాగం అరచేతికి సరిగ్గా ఆనింది, 7 గజాల్లో గుళ్ళు ఓ చోటే పడ్డాయి. పొడుగు మ్యాగజైన్‌తో 13+1. రాజన్న చెప్పిన బెల్టు కూడా కొన్నా. వింత ఏంటంటే ఆ బెల్టు మీద పాత 19 కూడా పర్లేదనిపిస్తోంది, కానీ కార్లో మాత్రం ఇంకా పొడుస్తోంది. కుడి పక్క కాస్త వెనక్కి పెడితే సీటు బెల్టు బకిల్ అడ్డం, ముందుకి తెస్తే పొట్ట.

రేంజిరాజు
సీటు వీపు ఒక గీత వెనక్కి వాల్చు. హోల్‌స్టర్ క్లిప్పుల ఎత్తు మార్చే స్క్రూలుంటాయి, అర అంగుళం పైకి లేపి చూడు. గొట్టం చివర వెనక స్పాంజి ముక్క అంటించు, ఒత్తిడి ఒకేచోట పడదు, పిడి కూడా లోపలికి వాలుతుంది. షీల్డ్ ప్లస్ కొంటే దాని హోల్‌స్టర్ దానికే కొను, 19ది దానికి సరిపడదు.

కరీంనగర్_పోరడు
కొన్నంక ఊకనే పెట్టుకోకు, గుళ్ళు లేకుండ నాలుగు రోజులు ఇంట్ల పెట్టుకుని తిరుగు. బోళ్ళు తోమేటప్పుడు, షూ లేసు కట్టేటప్పుడు ఎట్లుందో ఎరుకైతది.

ఆవకాయ_అప్పారావు
సగంటెక్సన్ ఇంట్లో బోళ్ళు తోముతాడని ఇప్పుడే తెలిసింది. మరి ఆ 19 అమ్ముతున్నావా?

సగంటెక్సన్
అమ్ముదామనే. కొన్న రసీదు, మ్యాగజైన్లు అన్నీ ఉన్నాయి. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకే, అదీ డీలర్ షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి రాయించే ఇస్తా. తప్పనిసరి కాదని తెలుసు, నా నిద్ర కోసం.

హెచ్1బి_హనుమంతు
ఎంతకిస్తావన్నా?

ఎడిసన్_బావ
హనుమంతూ!!

హెచ్1బి_హనుమంతు
మా బావమరిదికి బావా, వాడు ఇక్కడే పుట్టాడు.

రేంజిరాజు
అయితే ఆ బావమరిదినే వచ్చి సంతకం పెట్టమను. నీ కోసం వాడు కొంటే అది ఇంకో ఫెడరల్ కేసు.